పసిబిడ్డకు గుడ్డ కట్టడం



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే పెద్దవాళ్లు కొందరు, "ఇదీ ఒక విషయమేనా, రేడియోలో చెప్పుకోవడానికి!" అని నవ్వుకోవచ్చు. చంటిబిడ్డ పక్క తడపడం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నవ్వేవాళ్లు ఒక్కసారి పురిటి మంచం మీద వున్న అమ్మాయిని అడిగి చూడాలి. రాత్రి రెండు గంటలవేళ బిడ్డ గుడ్డ తడిసి, ఆ తడి దుప్పటికి దిగి, తన చీరకు అంటి, మార్చిన గుడ్డ పావుగంటకే మళ్లీ తడిసి, దండెం మీద వేసిన గుడ్డలు ఇంకా ఆరక, ఆ పిల్ల దిక్కులు చూస్తూ కూచుంటుంది. పక్కన తల్లి వుంటే సరేసరి. ఈ రోజుల్లో చాలామందికి పురుడు వెళ్లిన కొద్ది రోజులకే అమ్మ తిరిగి ఊరు వెళ్లిపోవడం, అపార్టుమెంటులో భార్యాభర్తలిద్దరే మిగలడం మామూలైపోయింది. చెప్పేవాళ్లు వుండరు. దుకాణంవాడు చెప్పేది ఒక్కటే, ఇంకా ఖరీదైన డైపరు కొనమని.

అసలు ఆ పసిగుడ్డు ఒకసారి పోసే మూత్రం ఎంతనుకున్నారు? కొద్ది చెంచాలు, అంతే. కాని ఆ కొద్ది చెంచాలనే రోజుకు పదిహేను ఇరవైసార్లు పోయగలదు. మూత్రాశయం చిన్నది, పట్టి వుంచడం దానికింకా తెలియదు, ఆహారమంతా పాలే. ఒక్కసారికి వచ్చే తడిని ఒక మోస్తరు పాత పంచె మడత సులువుగానే పీల్చుకుంటుంది. మరి పక్క ఎందుకు తడుస్తోంది? గుడ్డకీ ఒంటికీ మధ్య ఎక్కడో సందు వుండాలి, లేకపోతే గుడ్డకు పీల్చే గుణం లేకపోవాలి, అదీ కాకపోతే మార్చే వేళ దాటిపోయి వుండాలి. మనం చేసేదేమిటి? ఇంకో మడత వేస్తాం, ఇంకాస్త బిగిస్తాం. మడతలు ఎక్కువైన కొద్దీ తొడల దగ్గర సందు పెరుగుతుంది. బిగించిన కొద్దీ బిడ్డ పొట్ట నొక్కుకుపోయి, తాగిన పాలు కాస్తా కక్కేస్తుంది. పక్క తడవడం మాత్రం ఆగదు.

అంచేత ఈసారి గుడ్డ మార్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, తడి ఏ దారిన బయటికి వచ్చిందో చూడండి. తొడల పక్కనుంచి వచ్చిందా, పొట్ట మీదనుంచా, వీపు వైపునుంచా? దాన్నిబట్టి సగం కిటుకు తెలిసిపోతుంది. తొడల పక్కనుంచి వస్తే గుడ్డ అంచు గజ్జల్లోని ముడతలో కూచోకుండా తొడ మీదికి జారిందన్నమాట. పొట్ట మీద తడిస్తే, మగపిల్లవాడైతే గనక, అంగం పైకి తిరిగి వుండగా గుడ్డ కట్టేశారన్నమాట. దాన్ని కిందికి వుండేట్టు సర్ది కట్టాలి. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పక ఎందరు తల్లులు పిల్లవాడి జుబ్బాలు రోజుకు పది ఉతుక్కుంటున్నారో! ఆడపిల్ల వెల్లకిలా పడుకుంటే తడి కిందికీ వెనక్కీ పారుతుంది. అందుకని మగపిల్లవాడికి దళసరి మడత ముందు వైపున, ఆడపిల్లకు మధ్యా వెనకా వుండాలి. రెండేళ్ల కిందట పిల్లవాడిని పెంచిన చేత్తోనే ఇప్పుడు ఆడపిల్లకూ గుడ్డ కడుతూ, "వాడికి ఇంత తడిసేది కాదు" అని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు.

ఇంకొకటి చూడండి. గుడ్డ బాగానే కట్టారు, ఎక్కడా సందు లేదు, అయినా జుబ్బా నడుము దాకా తడిసిపోయింది. జుబ్బా అంచు గుడ్డలోపలికి దోపుకుపోయి వుంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ అంచు లోపలి తడిని పైకి లాగుతుంది. డైపరు కట్టినా ఇదే జరుగుతుంది. గుడ్డ కట్టడం అయ్యాక నడుము చుట్టూ, తొడల చుట్టూ వేలు ఒకసారి తిప్పి, బట్టలేవీ లోపలికి పోలేదని చూసుకుంటే చాలు.

ఇహ గుడ్డ సంగతి. మన ఇళ్లల్లో పురిటికి ముందు పాత పంచెలూ, మెత్తబడిన నూలు చీరలూ చింపి, ఉతికి, మడతలు పెట్టి వుంచేవారు. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యకూడదనే ఆచారం కూడా చాలాచోట్ల వుంది. ఆచారం మాట ఎలా వున్నా, పనికి మాత్రం అది సరిగ్గా సరిపోయింది. కొత్త నూలుబట్ట మీద మిల్లులో పెట్టిన గంజీ, పత్తికి సహజంగా వుండే జిడ్డూ రెండూ వుంటాయి. అవి పోయేదాకా బట్ట నీటిని పీల్చదు. నమ్మకపోతే కొత్త గుడ్డ ముక్క మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి చూడండి, కాసేపు ముత్యాల్లా నిలబడతాయి. కొన్న నాప్పీలైనా సరే, వేడినీళ్లలో నాలుగైదుసార్లు ఉతికి ఎండేసిన తరవాతే బిడ్డకు వాడాలి. పొరపాటున కూడా వీటికి గంజి పెట్టకండి. మెత్తదనం కోసం ఉతికే మిషన్లో పోసే సువాసన ద్రావకాలున్నాయే, వాటి పూత కూడా దారం మీద నిలిచి పీల్చే గుణాన్ని చంపుతుంది. సబ్బు పూర్తిగా వదలకపోయినా అంతే. జార్జెట్టు, నైలెక్సు, పాలియెస్టరు కలిసిన చీరలు ఎంత మెత్తగా వున్నా ఈ పనికి దండగ.

కట్టే పద్ధతి రేడియోలో చెప్పడం కొంచెం కష్టమే. చేత్తో చూపించవలసిన పని. అయినా ప్రయత్నిస్తాను, ఒక గుడ్డ దగ్గర పెట్టుకుని వింటే తేలిక. మూరన్నర చదరం గుడ్డ తీసుకోండి. ఎదురెదురు మూలలు కలిపి ముక్కోణంగా మడవండి. పొడుగు అంచు బిడ్డ నడుము కింద, మొన కాళ్లవైపు వుండేట్టు పరచండి. పాత పంచెను నాలుగు మడతలు చేసి, నాలుగు వేళ్ల వెడల్పున పట్టీలాగా దాని మధ్యలో వెయ్యండి. ఆ పట్టీయే తడి పీల్చేది, పై గుడ్డ దాన్ని పట్టి వుంచేది. పట్టీ వెడల్పైతే కాళ్ల మధ్య ముద్దలా చేరి రెండు పక్కలా సందులిస్తుంది. మొనను కాళ్ల మధ్యనుంచి పొట్టమీదికి తెచ్చి, పక్క మూలలు రెండూ దాని మీదికి తెచ్చి ముడి వెయ్యాలి. ఈలోగా తొడల దగ్గర గుడ్డ అంచును లోపలికి ఒక మడత తిప్పితే, ఆ మడత గజ్జల్లో కూచుంటుంది. తడి ఆగేది అక్కడే.

పిన్నీసు పెట్టేవాళ్లు తమ వేలు బిడ్డ ఒంటికీ గుడ్డకీ మధ్య వుంచి, పిన్నీసు అడ్డంగా పెట్టాలి. వేలికి గుచ్చుకున్నా ఫరవాలేదు గాని బిడ్డకు గుచ్చుకోకూడదు. నన్నడిగితే ముడే మేలు, లేదా పక్కల నాడాలు కుట్టుకున్న నాప్పీ. మొలతాడు కట్టిన పిల్లలకు గోచీ గుడ్డ ముందూ వెనకా దానిలోకి దోపడం మన పాత పద్ధతి. ఎండాకాలంలో పగటిపూట ఇది హాయి. ఒళ్లంతా గాలి తగులుతుంది. కాకపోతే పక్కలు తెరిచి వుంటాయి కనక తడి నిలవదు. అది నిలవడానికి కట్టింది కూడా కాదు, కింద ఇంకో గుడ్డ పరచుకోవలసిందే. మొలతాడు వారం వారం వదులు చేస్తూ వుండాలి. పిల్ల పెరిగేది తెలియకుండానే పెరుగుతుంది, తాడు మాత్రం పెరగదు.

బొడ్డు ఊడేదాకా, అంటే వారం నుంచి రెండు వారాల దాకా, గుడ్డ ముందు అంచు బొడ్డుకు కిందే వుండాలి. తడిగుడ్డ బొడ్డు మీద నానుతూ వుంటే అది ఆరక చీము పట్టే ప్రమాదం వుంది. బొడ్డుకు ఏమీ రాయక్కర్లేదు, పసుపూ బూడిదా అసలే వద్దు, పొడిగా వుంచితే చాలు.

బిగించడం గురించి ఇందాక అన్నాను. గుడ్డ కట్టాక నడుము దగ్గర మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. విప్పినప్పుడు ఒంటిమీద ఎర్రటి గీత పడిందంటే బిగువు ఎక్కువైందని గుర్తు. కొందరు పెద్దవాళ్లు కాళ్లు వంకర పోతాయనే భయంతో పసిబిడ్డ కాళ్లు రెండూ నిటారుగా చాపి, దగ్గరికి చేర్చి, పొత్తిగుడ్డలో గట్టిగా చుట్టేస్తారు. ఆ అలవాటు మానాలి. పుట్టిన కొత్తలో తుంటి కీలు గిన్నె ఇంకా లేతగా వుంటుంది. కాళ్లు కప్పపిల్లలాగా మోకాళ్లు వంచి ఎడంగా పడుకుంటేనే తొడ ఎముక ఆ గిన్నెలో సరిగా కుదురుకుంటుంది. తిన్నగా చాపి బిగిస్తే కీలు జారే ప్రమాదం వుందని ఎముకల వైద్యులు చెబుతారు. పైన చేతులు కావాలంటే చుట్టండి, కింద కాళ్లకు మాత్రం ఆడే చోటు వుండాలి.

పక్క తడవకుండా రబ్బరు షీటు వెయ్యడం అందరికీ తెలుసు. పరుపును కాపాడటానికి అది మంచిదే, కాని దాని మీద నూలుగుడ్డ తప్పకుండా పరచాలి. బిడ్డ ఒళ్లు రబ్బరుకు తగలకూడదు. గుడ్డ మీద ప్లాస్టిక్ చెడ్డీ తొడిగితే తడి బయటికి రాదు నిజమే, లోపలే వుడికి చర్మం ఎర్రబడిపోతుంది.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు లెండి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మేరియన్ డోనోవన్ అనే ఇల్లాలు వుండేది. పసిపాప పక్క దుప్పట్లు మార్చి మార్చి విసిగి, 1946లో స్నానాల గదిలో వేలాడే తెరను చింపి, మిషను మీద కుట్టి, పాప నాప్పీ మీదికి ఒక తొడుగు తయారు చేసింది. రబ్బరు చెడ్డీలాగా తొడలకు కోసుకుపోకుండా, పిన్నీసులకు బదులు నొక్కుడు గుండీలు పెట్టింది. తయారీదారుల దగ్గరికి పట్టుకెళితే ఎవరూ ఖాతరు చెయ్యలేదు. తనే అమ్మడానికి పూనుకుంటే 1949లో న్యూయార్కులోని పెద్ద దుకాణం శాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూలో పెట్టారు, చెప్పలేనంత గిరాకీ వచ్చింది. 1951లో పేటెంటు కూడా దొరికింది. తరవాత ఆమె, వాడి పారేసే కాగితపు నాప్పీ చేద్దామని కంపెనీల చుట్టూ తిరిగితే, అలాంటిది ఎవరు కొంటారన్నారట. పదేళ్లు తిరక్కుండా, 1961లో పాంపర్స్ బజారులోకి వచ్చాయి. ఇంటిపని చేసే ఆడదాని మాట పెద్దమనుషుల చెవికెక్కడానికి ఎప్పుడూ కొంత కాలం పడుతుంది మరి.

ఇప్పుడు మనం కొనే డైపర్లలో ఉప్పులాంటి సన్నటి పలుకులుంటాయి. సోడియం పాలియాక్రిలేట్ అంటారు. 1980ల్లో డైపర్లలోకి వచ్చింది. తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుని, సగ్గుబియ్యం వుడికినట్టు జిగురుగా మారి పట్టి వుంచుతుంది. అందుకే తడిసినా పైకి పొడిగా తోస్తుంది. ఇంత వున్నా డైపర్లూ కారుతున్నాయని ఫిర్యాదు చేసే తల్లులు తక్కువ లేరు. ఇక్కడా కారణాలు దాదాపు అవే. డైపరు కొనవలసింది బిడ్డ బరువును బట్టి. నెలలను బట్టి కొంటే తప్పుతుంది. మన పిల్లలు పుట్టినప్పుడు రెండున్నర కిలోలుండేవాళ్లు చాలామంది. వాళ్లకు మరీ చిన్న సైజు కావాలి. త్వరగా ఎదుగుతుంది కదా అని ఒక సైజు పెద్దది కొంటే తొడల దగ్గర వదులై అన్నీ అక్కడే కారతాయి. అదే బరువు పెరిగాక కూడా పాత సైజే వాడితే వీపు మీదినుంచి బయటికి వస్తుంది. చౌకగా వస్తున్నాయని పురుడు రాకముందే నాలుగైదు పెద్ద కట్టలు కొని పెట్టుకోకండి. బిడ్డ బరువు చూశాక ఒక చిన్న కట్ట తెచ్చి చూడండి.

డైపరు తొడల దగ్గర కుచ్చులుంటాయి చూశారూ, తొడిగాక వేలితో చుట్టూ తిప్పి ఆ కుచ్చులను బయటికి లాగాలి. అవి లోపలికి ముడుచుకుని వుంటే అడ్డుకట్ట తెగిన చెరువే. వెనక భాగం ముందు భాగం కంటే ఒక వేలెత్తు పైకి వుండాలి. అంటుకునే పట్టీలు రెండు పక్కలా సమంగా అతకాలి. చేతికి నూనెగాని మలాముగాని వుంటే ఆ పట్టీ పట్టదు, ముందే తుడుచుకోండి. ఒంటికి జిడ్డు మలాము దట్టంగా పట్టిస్తే ఆ జిడ్డు డైపరు లోపలి పొరకు పట్టుకుని తడి లోపలికి దిగనివ్వదు. గుడ్డకైనా అంతే. నలుగు పెట్టి నూనె రాసిన రోజు పక్క ఎక్కువ తడుస్తోందని ఎవరైనా అంటే, ఆ నూనె గుడ్డకు పట్టిందేమో చూసుకోమనండి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట చెబుతాను. ఎవరు పని మీద వున్నా ఒక్క నిమిషం రేడియో దగ్గరికి రండి. పక్క తడిస్తే మనకు చాకిరీ, అంతే. బిడ్డ గుడ్డ తడవకపోతే మాత్రం భయపడాలి.

మా వీధిలో ఒక ఇంట్లో జరిగింది. తొలిచూలు ఆడపిల్ల. ఆస్పత్రినుంచి మూడో రోజు ఇంటికి తెచ్చారు. నాలుగో రోజు ఇంట్లోవాళ్లంతా డైపరును మెచ్చుకుంటున్నారు. "పొద్దుటినుంచీ ఒక్కటే వేశాం, ఇప్పటికీ పొడిగానే వుంది" అని. పిల్ల బుద్ధిమంతురాలని కూడా మెచ్చుకుంటున్నారు, ఏడవకుండా నిద్రపోతోందని. చూడ్డానికి వచ్చిన తాతమ్మగారు, అయిదుగురిని పెంచినావిడ, డైపరు విప్పించి లోపల చెయ్యి పెట్టి చూసింది. "ఇది డైపరు గొప్పతనం కాదర్రా, పిల్ల పాసు పొయ్యడం లేదు" అంది. పెదవులు ఎండి వున్నాయి, పాలకని లేపితే లేవడం లేదు. ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తూకం వేస్తే పుట్టినప్పటి బరువులో పదో వంతు కంటే ఎక్కువ తగ్గింది. తల్లికి పాలున్నాయి. బిడ్డ నోరు సరిగా తెరిచి పట్టుకోక, చనుమొన చివరనే చప్పరిస్తూ అలిసిపోయి నిద్రపోతోంది. నర్సు దగ్గర కూచుని పట్టించడం నేర్పింది, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పోయించింది. మర్నాడు మూడు గుడ్డలు తడిపింది. వారం తిరిగేసరికి రోజుకు ఎనిమిది. ఇప్పుడా పిల్ల మా మెట్లన్నీ ఎక్కి దిగుతోంది. ఆవిడ ఆ రోజు రాకపోయి వుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

కనక గుడ్డల లెక్క పెట్టుకోండి. మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా పెరుగుతూ ఐదో రోజునుంచి ఇరవైనాలుగు గంటల్లో కనీసం ఆరు గుడ్డలు బాగా తడవాలి. అంతకంటే ఎక్కువైతే సంతోషమే. పాలవాడి లెక్క క్యాలెండరు మీద గీతలు పెడతాం చూడండి, అలాగే బిడ్డ పక్కనే ఒక కాగితం పెట్టుకుని, మార్చిన వాళ్లు ఒక గీత పెట్టండి. రాత్రి అత్తగారు మార్చిందీ, పగలు మీరు మార్చిందీ, సాయంత్రం ఆయన మార్చిందీ కలిసి లెక్క తేలుతుంది. నూలుగుడ్డ వాడేవాళ్లకు ఈ లెక్క తేలిక, చెయ్యి పెడితే తెలిసిపోతుంది. డైపరు అయితే పోల్చుకోవడం కష్టం. దానికొక ఉపాయం వుంది. కొత్త డైపరు ఒకటి తీసుకుని మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి, చేత్తో బరువు చూడండి. బాగా తడిసిన డైపరు అంటే ఆ బరువన్నమాట. ఇంకా అనుమానమైతే మొదటి కొద్దిరోజులు లోపల చిన్న మెత్తటి గుడ్డముక్క వెయ్యండి. కొన్ని డైపర్లకు పసుపుపచ్చ గీత వుండి తడిస్తే నీలిరంగుకు తిరుగుతుంది, అదీ చూడవచ్చు.

రంగులు కూడా కనిపెట్టాలి. మొదటి రెండు రోజులు దొడ్డి తారులాగా నల్లగా, జిగటగా వుంటుంది. గుడ్డ కట్టేముందు పిర్రలకు కొంచెం కొబ్బరినూనె రాస్తే తుడవడం సులువు. తల్లిపాలు బాగా అందుతుంటే నాలుగైదు రోజులకు పసుపుపచ్చగా, ఆవగింజల్లాంటి పలుకులతో పల్చగా వస్తుంది. అది విరేచనాలు కాదు, కంగారు పడి మందులు పట్టకండి. ఈ పల్చటిదే వీపు వైపునుంచి బయటికి తన్నుకు వచ్చేది. వెనక మడత పైకి వుండాలని అందుకే చెప్పాను. గుడ్డ మీద ఇటికపొడి లాంటి ఎర్రటి మరక మొదటి రెండుమూడు రోజుల్లో కనబడితే ఫరవాలేదు. ఐదో రోజుకు కూడా వుంటే పాలు చాలడం లేదేమో డాక్టరుకు చూపించాలి. దొడ్డి సున్నంలాగా, బంకమట్టిలాగా తెల్లగా పాలిపోయి వస్తే, అందులోనూ బిడ్డ కళ్లు పచ్చగా వుంటే, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది కాలేయానికి సంబంధించింది కావచ్చు, దానికి కాలమే ముఖ్యం.

గుడ్డ ఎక్కువగా తడుస్తోందని పాలు తగ్గించేవాళ్లూ, తక్కువగా తడుస్తోందని నీళ్లు పట్టేవాళ్లూ ఇద్దరూ వున్నారు. రెండూ వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే. నీళ్లతో పొట్ట నిండితే పాలు తాగదు. మొదటి వారం దాటిన బిడ్డ ఆరేడు గంటలసేపు గుడ్డ తడపకపోయినా, పాలకు లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకండి.

రాత్రి ఎన్నిసార్లు మార్చాలి అని అడుగుతారు. నూలుగుడ్డ అయితే తడిసినప్పుడల్లా. మరో మార్గం లేదు. తడిగుడ్డలో పసిబిడ్డ ఒంటి వేడి ఇట్టే జారిపోతుంది. చలికాలంలో, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇది మరీ ప్రమాదం. డైపరు అయితే ప్రతి రెండు మూడు గంటలకూ, దొడ్డికి వెళ్తే వెంటనే. పాలు తాగేముందు మార్చడం మంచిది. తాగాక కాళ్లెత్తి మారిస్తే కక్కుతుంది. పగలు గుడ్డా, రాత్రి డైపరూ వాడే ఇళ్లు చాలా వున్నాయి. నా ఓటు దానికే. తల్లి రెండు గంటలు కన్ను మూస్తే తప్పేమీ లేదు. కాని రోజులో కాసేపైనా ఏమీ కట్టకుండా, పొడిగుడ్డ మీద వుత్తగా పడుకోబెట్టండి. చర్మానికి గాలి అంత మందు మరొకటి లేదు. ఎర్రబడితే జింకు ఆక్సైడు వున్న మలాము పల్చగా రాయండి. పౌడరు చల్లకండి. ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మడతల్లో తడితో కలిసి వుండకడుతుంది.

గుడ్డలు రెండు డజన్లు చాలవు, వర్షాకాలం పురుడైతే మూడు నాలుగు డజన్లుండాలి. దొడ్డి అయినవాటిని ముందు చన్నీళ్లలో జాడించి, తరవాత వేడినీళ్లూ సబ్బూ. మొదటే వేడినీళ్లు పోస్తే మరక దిగదు. బాగా జాడించి ఎండలో వెయ్యాలి. ముసురు పట్టి ఆరకపోతే ఇస్త్రీ చెయ్యండి. సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టే ఇళ్లున్నాయి, ఆ పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు.

పాతబట్టల విషయంలో ఒక హెచ్చరిక. బీరువాలో, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలు పసిబిడ్డకు వాడకండి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జి-6-పి-డి అనే పదార్థం తక్కువగా వుంటుంది. ఎవరికుందో చూస్తే తెలియదు. కలరా ఉండల వాసన తగిలితే వాళ్ల ఎర్రకణాలు విరిగిపోయి కామెర్లు ప్రమాదకరంగా ముదురుతాయి. మనుమడి కోసమని పదేళ్లుగా దాచిన మెత్తటి పంచె ఎంత ముచ్చటైనదైనా సరే, ఆ వాసన వున్నదైతే పక్కన పెట్టెయ్యండి. ఇప్పటినుంచీ దాచే గుడ్డల్లో ఎండిన వేపాకు వేసుకోండి.

చివరిగా, వాడిన డైపరును మరుగుదొడ్లో వేసి నీళ్లు పోస్తే మీ ఒక్క ఇంటి గొట్టమే కాదు, కింది వాటాలవాళ్లదీ పూడుకుపోతుంది. లోపలి దొడ్డిని మాత్రం మరుగుదొడ్లోకి దులిపి, డైపరును దాని పట్టీలతోనే వుండలా చుట్టి, పాత కాగితంలో పొట్లం కట్టి, చెత్త తీసుకెళ్లేవాళ్లకు తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. చేత్తో చెత్త వేరుచేసేది కూడా మనలాంటి ఓ తల్లే. గుడ్డ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునే బిడ్డను ఎత్తుకోండి.